వన్నె తగ్గిన సైలెన్సరుకు ఇంట్లోనే మెరుగు

వర్షాకాలం ముగిసేసరికి ద్విచక్ర వాహనంలో ముందుగా వన్నె తగ్గేది సైలెన్సరే. ట్యాంకు, మడ్‌గార్డులు ఒక్క తుడుపుతో మెరుస్తాయి. సైలెన్సరుపై మాత్రం బురద ఎండి, వేడికి కాలి, పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద ఎర్రటి చుక్కలు మొదలవుతాయి. వాటిని చూసి కంగారుపడి చాలామంది గిన్నెలు తోమే ఇనుప పీచు అందుకుంటారు. మరికొందరు స్నానాల గదులు కడిగే యాసిడ్ పోస్తారు. ఆ పూటకు మెరుపు కనిపిస్తుంది. నెల తిరిగేసరికి మునుపటి కంటే ఎక్కువ తుప్పు పడుతుంది. తుప్పుతో పాటు దానిని అడ్డుకునే పూత కూడా ఊడిపోవడమే ఇందుకు కారణం. ఒకసారి పోయిన పూత ఇంట్లో ఎంత రుద్దినా తిరిగి రాదు. అందుకే సైలెన్సరు శుభ్రతకు రెండే సూత్రాలు. అవసరమైనంత వరకే రుద్దాలి. తడి మిగలకుండా ఆరబెట్టాలి. ఈ రెండూ పాటిస్తే సెలవు రోజు ఉదయం రెండు గంటల శ్రమతో, వంద రెండు వందల రూపాయల సామగ్రితో పని పూర్తవుతుంది. నిర్లక్ష్యం చేస్తే వేల రూపాయలు పెట్టి కొత్తది బిగించుకోవలసి వస్తుంది.

తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

సైలెన్సరుకు శత్రువు నీరు. అది బయటి నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో సైలెన్సరు గుండా బయటకు పోతుంది. గొట్టం బాగా వేడెక్కి ఉంటే ఆ ఆవిరి లోపల నిలవదు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మాత్రం గొట్టం గోడలకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. చలికాలం ఉదయం బండి తీయగానే సైలెన్సరు మూతి నుంచి నీటి చుక్కలు రాలడం ఇందువల్లే. ఇది లోపం కాదు. అయితే పొగలోని వాయువులు కలవడంతో ఆ నీటికి కొంత ఆమ్ల గుణం వస్తుంది. ఇల్లు నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండ్లలో సైలెన్సరు పూర్తిగా వేడెక్కదు. నీరు అడుగున నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. తక్కువ తిరిగిన బండికి ముందుగా సైలెన్సరు చిల్లు పడటం చూసి యజమానులు ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

చాలా సైలెన్సర్ల అడుగు భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. అది ఈ నీరు కారిపోవడానికి ఉంచినది. చిల్లు పడిందనుకుని కొందరు ఎం-సీల్‌తో మూసివేస్తారు. అలా చేస్తే తుప్పును లోపల పెట్టి తాళం వేసినట్లే.

బయటి నుంచి జరిగే నష్టం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లపై తిరిగే బండ్లకు ఉప్పు తుంపర ప్రధాన శత్రువులు. నల్లరేగడి నేలల్లో జిగట బురద సైలెన్సరుకు అంటుకుని రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. ఎరువుల బస్తాలు మోసే బండ్లకు మరో ముప్పు ఉంది. సాధారణంగా వాడే పొటాష్ ఎరువు ఒక రకమైన క్లోరైడు లవణమే. బస్తా నుంచి రాలిన పొడి తేమతో కలిస్తే ఉప్పు మాదిరిగానే లోహాన్ని తింటుంది. ఇలాంటి చోట్ల తిరిగిన బండిని వారానికి ఒకసారైనా మంచినీటితో కడగడం తప్పనిసరి.

ముందుగా పూతను గుర్తించండి

అన్ని సైలెన్సర్లకూ ఒకే వైద్యం పనికిరాదు. చేయి వేసే ముందు పైపూత ఏ రకమో తెలుసుకోవాలి.

* క్రోమ్ పూత: అద్దంలా ముఖం కనిపించే మెరుపు దీని గుర్తు. పాత బుల్లెట్లు, ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు, పాతతరం 100 సీసీ బండ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు ఉక్కుపై నికెల్ పొర, దానిపై క్రోమియం పొర ఉంటాయి. పైనున్న క్రోమియం సాధారణంగా ఒక మైక్రాను మందం కూడా ఉండదు. తల వెంట్రుక మందంలో అది వందో వంతు కంటే తక్కువ. గరుకు వస్తువుతో రుద్దితే ఎంత త్వరగా అరిగిపోతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

* స్టెయిన్‌లెస్ స్టీలు: మెరుపు కొంత మందంగా ఉంటుంది. ఇంజిను దగ్గరి వంపులో పసుపు, ఊదా, నీలం చారలు కనిపిస్తాయి. లోహమంతా ఒకటే కాబట్టి ఊడిపోయే పూత ఉండదు. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదనుకోవడం సరికాదు. సైలెన్సర్లకు వాడే స్టెయిన్‌లెస్ రకాల్లో అయస్కాంతానికి అంటుకునేవీ ఉన్నాయి.

* నలుపు రంగు: నేటి బండ్లలో అధిక భాగం ఇదే. ఉక్కుపై వేడిని తట్టుకునే రంగు వేస్తారు. మెరుగు పెట్టే పేస్టులు దీనికి బద్ధ విరోధులు.

* అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలు: కాలు కాలకుండా సైలెన్సరుపై బిగించే కవచం, చివరి మూత ఈ రకాలు కావచ్చు. యాసిడ్, సోడా రెండూ అల్యూమినియంను తినేస్తాయి. పెట్రోలు, థిన్నరు తగిలితే ప్లాస్టిక్ వెలిసిపోతుంది. వీటికి షాంపూ నీరు చాలు.

ఒకే సైలెన్సరులో రెండు మూడు రకాలు ఉండటమూ మామూలే. అనుమానం ఉంటే అడుగున, కంటికి కనిపించని చోట కొద్దిగా రుద్ది చూసిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

చల్లారాకే చేయి వేయాలి

కుడి పిక్కపై సైలెన్సరు కాలిన మచ్చ లేని ఇల్లు అరుదు. బండి ఆపిన వెంటనే బెండు పైపు వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. 60 డిగ్రీల నీరే అయిదారు సెకన్లలో చర్మాన్ని కాల్చగలదు. ఇక ఆ లోహం తగిలితే క్షణం చాలు. బండి ఆపాక కనీసం గంట సేపు వదిలేయాలి. ఉదయాన్నే, ఇంజిను ఆన్ చేయకముందే పని మొదలుపెట్టడం అన్నిటి కంటే మంచిది. చిన్నపిల్లలను దగ్గరకు రానీయకూడదు.

వేడి గొట్టంపై చన్నీళ్లు పోయడం మరో పొరపాటు. లోహం ఒక్కసారిగా కుంచించుకుపోయి క్రోమ్ పొర పగుళ్లు తీస్తుంది. రంగు పెచ్చులూడుతుంది. వానలో ప్రయాణిస్తే తడవదా అని అడగవచ్చు. తడుస్తుంది. తప్పించుకోలేని దానికి ఇంటి దగ్గర మరో దెబ్బ తోడు చేయనవసరం లేదు.

పొరపాటున కాలితే ఆ భాగాన్ని 20 నిమిషాల పాటు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచాలి. పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూయకూడదు. మంచుగడ్డ పెట్టకూడదు. బొబ్బలు చిదపకూడదు. గాయం పెద్దదైనా, చర్మం తెల్లగా లేదా నల్లగా మారినా, కాలినది పసిపిల్లలకైనా వెంటనే వైద్యుడి వద్దకు తీసుకువెళ్లాలి.

సిద్ధం చేసుకోవలసినవి

రెండు బకెట్ల మంచినీరు, వాహనాల షాంపూ లేదా తలకు వాడే షాంపూ పొట్లాలు రెండు, మెత్తటి నూలు గుడ్డలు అయిదారు, పాత పళ్లబ్రష్షు, వంటింటి అల్యూమినియం రేకు, రబ్బరు చేతి తొడుగులు, ఒక పాలిథిన్ సంచి, రబ్బరు బ్యాండు. క్రోమ్, స్టీలు సైలెన్సర్లకు వాహన విడిభాగాల దుకాణాల్లో దొరికే క్రోమ్ పాలిష్ లేదా మెటల్ పాలిష్ చిన్న ట్యూబు ఒకటి. ఇత్తడి సామాను మెరుగుకు వాడే బ్రాసో ఇంట్లో ఉంటే క్రోమ్‌పై పొదుపుగా వాడుకోవచ్చు. నలుపు రంగు సైలెన్సరుకు మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు.

కడగటం ఇలా...

1. బండిని నీడలో, గట్టి నేలపై సెంటర్ స్టాండు వేసి నిలపాలి. ఎండలో లోహం వేడెక్కి షాంపూ, పాలిష్ మరకలుగా ఎండిపోతాయి.

2. సైలెన్సరు మూతికి పాలిథిన్ సంచి కప్పి రబ్బరు బ్యాండు వేయాలి. నీరు లోపలికి పోకుండా ఇది ఆపుతుంది. పని ముగిశాక దానిని తీయడం మరవకూడదు. బండి తాళాన్ని ఆ రబ్బరు బ్యాండుకే తగిలించి ఉంచితే మరచిపోయే అవకాశమే ఉండదు.

3. వెనుక టైరుపై, డిస్కు బ్రేకు ఉంటే దానిపై పాత గుడ్డ కప్పాలి. ఇది అలంకారం కోసం చెప్పే జాగ్రత్త కాదు. పాలిష్ గానీ, నూనె గానీ టైరు అంచుకు, బ్రేకు డిస్కుకు అంటితే తొలి మలుపులోనే బండి జారుతుంది.

4. ఎండిన బురదను గోకకూడదు. అందులోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి. తడి గుడ్డను బురదపై చుట్టి అరగంట ఉంచితే మట్టి నాని దానంతటదే జారుతుంది.

5. పై నుంచి కిందికి మగ్గుతో నీరు పోస్తూ మట్టి పోయేదాకా కడగాలి. ఆ తర్వాతే షాంపూ నీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. బోల్టుల చుట్టూ, క్లాంపుల సందుల్లో, ఫ్రేముకూ సైలెన్సరుకూ మధ్య ఇరుకులో పళ్లబ్రష్షు వాడాలి. తుప్పు మొదలయ్యేది ఈ మూలల్లోనే.

6. రెండో బకెట్టు నీటితో షాంపూ నురగ ఆనవాలు లేకుండా కడగాలి. పొడి గుడ్డతో తుడిచి అరగంట ఆరనివ్వాలి.

వాటర్ సర్వీసింగులో కడిగించేవారు గన్ను నీటి ధారను సైలెన్సరు మూతిలోకి కొట్టనీయకూడదు. లోపలికి పోయిన నీరు బయటకు రావడానికి దారి సన్నం.

తుప్పు చుక్కలకు రేకు కాగితం

క్రోమ్ సైలెన్సరుపై చిన్న తుప్పు చుక్కలకు అల్యూమినియం రేకు మంచి మందు. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన. తుప్పును గీకుతుంది గానీ క్రోమ్‌ను గాయపరచదు. అరచేతి వెడల్పు రేకు ముక్కను ఉండలా నలిపి, నీటిలో ముంచి, తుప్పు ఉన్న చోట మాత్రమే చిన్న సున్నాలు చుడుతున్నట్లు తేలిగ్గా రుద్దాలి. కాసేపటికి గోధుమ రంగు ముద్ద వస్తుంది. దానిని తడి గుడ్డతో తుడిచి మళ్లీ రుద్దాలి. బలం ఉపయోగించవలసిన పని కాదిది. రెండు మూడు విడతల్లో పోని మరక ఇక రేకుతో పోదు.

తుప్పు పోయిన చోట సూది మొనంత నల్లటి గుంటలు మిగలవచ్చు. అక్కడ పూత ఇప్పటికే పోయిందని అర్థం. వాటిని చదును చేయాలని రుద్దితే చుట్టూ ఉన్న మంచి పూత కూడా పోతుంది. ఉన్నదానిని కాపాడుకోవడమే తెలివి.

మొండి మరకలకు విడిభాగాల దుకాణాల్లో దొరికే అతి సన్నని ఉక్కు ఊలు (నాలుగు సున్నాల గ్రేడు) వాడవచ్చు. దానిని నూనె గానీ, పాలిష్ గానీ అద్ది వాడాలి. పొడిగా రుద్దకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలుపై దీనిని అసలు వాడకూడదు. దాని నుంచి రాలిన ఇనుప నలుసులు స్టీలులో ఇరుక్కుని వారం తిరగకముందే తుప్పు పడతాయి. తుప్పు పట్టనిదన్న స్టీలుకు తుప్పు పట్టిందని చాలామంది వాపోయేది ఇలాంటి సందర్భాల్లోనే.

తుప్పు వదిలాక బఠాణీ గింజంత పాలిష్‌ను మెత్తటి గుడ్డకు అద్ది, జానెడు మేర చొప్పున రుద్దుతూ పోవాలి. గుడ్డ నల్లబడటం సహజం. పాలిష్ ఆరి తెల్లబారకముందే మరో శుభ్రమైన గుడ్డతో తుడిచివేయాలి. ఏడాదికి రెండు మూడు సార్లకు మించి క్రోమ్‌కు పాలిష్ పెట్టనవసరం లేదు. పాలిష్ పెట్టిన ప్రతిసారీ ఎంతో కొంత పూత అరుగుతుందని గుర్తుంచుకోవాలి.

నీలం రంగు మురికి కాదు

స్టెయిన్‌లెస్ స్టీలు బెండు పైపుపై కనిపించే బంగారు, ఊదా, నీలం రంగులు మురికి కాదు. వేడికి లోహంపై ఏర్పడే అతి పలుచని ఆక్సైడు పొర మందాన్ని బట్టి ఆ రంగులు మారుతాయి. మెటల్ పాలిష్‌తో ఓపికగా రుద్దితే పోతాయి. పది సార్లు బండి తీయగానే తిరిగి వస్తాయి. వాటిని అలాగే ఉంచుకోవడం వల్ల నష్టమేమీ లేదు.

క్రోమ్ గొట్టంపై నీలం కాస్త ఆలోచించవలసిన విషయం. పాత బండిలో ఇంతకుముందు లేని నీలం హఠాత్తుగా పెరిగితే ఇంజిను అవసరానికి మించి వేడెక్కుతోందని అనుమానించాలి. కార్బురేటరులో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైనా, ఇగ్నిషన్ టైమింగు తప్పినా ఇలా జరుగుతుంది. అప్పుడు కావలసింది పాలిష్ కాదు, మెకానిక్.

నలుపు రంగు సైలెన్సరుకు వేరే పద్ధతి

నలుపు సైలెన్సరును షాంపూతో కడిగి ఆరబెడితే చాలు. వెలిసిపోయి, అక్కడక్కడ తుప్పు తేలితే తిరిగి రంగు వేయవలసిందే. మామూలు ఎనామిల్ రంగు, గేట్లకు వేసే వెండి రంగు ఇందుకు పనికిరావు. ఒకటి రెండు ప్రయాణాల్లోనే కాలి, పొగ వాసనతో ఊడిపోతాయి. సైలెన్సర్లకు వేరుగా తయారైన, 600 డిగ్రీల వరకు వేడిని తట్టుకుంటుందని డబ్బాపై రాసి ఉన్న స్ప్రే రంగు తీసుకోవాలి.

రంగు వేసే ముందు సగం పని ఉప్పు కాగితంతోనే. 120 నంబరు కాగితంతో వదులైన తుప్పు, పెచ్చులు పోయేదాకా రుద్ది, 320 నంబరుతో నునుపు చేయాలి. దుమ్ము తుడిచి, థిన్నరు అద్దిన గుడ్డతో జిడ్డు తీయాలి. చుట్టుపక్కల భాగాలకు పాత వార్తాపత్రిక కప్పి టేపు అంటించాలి. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, జానెడున్నర దూరం నుంచి పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే కారిపోతుంది. చాలా రకాలు వేడి తగిలిన తర్వాతే గట్టిపడతాయి. డబ్బాపై సూచించిన ప్రకారం ఇంజినును కొద్దిసేపు తిప్పి చల్లార్చడం, మళ్లీ మరికాస్త ఎక్కువసేపు తిప్పడం చేయాలి. ఆ సమయంలో పొగ, వాసన వస్తాయి. గది లోపల గానీ, షట్టరు వేసిన షెడ్డులో గానీ ఈ పని చేయకూడదు. సైలెన్సరు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

ప్లాస్టిక్ కవరు, తారు అంటుకుంటే...

గాలికి ఎగిరొచ్చిన పాలిథిన్ కవరు, రెయిన్‌కోటు అంచు, చెప్పు అడుగు వేడి సైలెన్సరుకు అంటుకుని కరగడం తరచూ జరిగేదే. చల్లారిన తర్వాత కత్తితో గోకితే పూత కూడా లేచిపోతుంది. ఇంజినును రెండు మూడు నిమిషాలు మాత్రమే తిప్పి ఆపి, ప్లాస్టిక్ మెత్తబడగానే చెక్క గరిటె అంచుతో నెమ్మదిగా తోయాలి. చేతికి మందపాటి తొడుగు ఉండాలి. మిగిలిన పొరను గొట్టం పూర్తిగా చల్లారాక గోళ్ల రంగు తీసే ద్రవం అద్దిన గుడ్డతో తుడవవచ్చు. క్రోమ్, స్టీలులకే ఇది వర్తిస్తుంది. రంగు వేసిన సైలెన్సరుపై ఈ ద్రవం రంగునే కరిగిస్తుంది.

కొత్త రోడ్డుపై అంటిన తారు మరకలకు డీజిల్ లేదా కిరోసిన్ కొద్దిగా అద్దిన గుడ్డ చాలు. ఇవన్నీ మండే ద్రవాలు. వేడి సైలెన్సరుపై, బీడీ, సిగరెట్టు, పొయ్యి దగ్గరలో వాడకూడదు. తుడిచాక షాంపూ నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే బండి తీయాలి.

వంటింటి చిట్కాలతో చేటు

* చింతపండు, ఉప్పు: ఇత్తడి చెంబుకు మెరుగు తెచ్చే ఈ జోడీ సైలెన్సరుకు హాని చేస్తుంది. చింతపండు పులుపు తుప్పును కొంత కరిగించే మాట నిజమే. అందులో కలిపే ఉప్పులోని క్లోరైడు స్టీలులో, క్రోమ్ సందుల్లో చేరి గుంటలు చేస్తుంది. నిమ్మ చెక్కకు ఉప్పు అద్ది రుద్దినా ఫలితం ఇదే.

* ఊక బూడిద, ఇటుక పొడి: ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. ఇసుకలో ఉండేదీ అదే పదార్థం. మెరుపు స్థానంలో గీతలు మిగులుతాయి.

* బాత్‌రూం యాసిడ్: ఇందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును, దానితో పాటు నికెల్ పొరను, అడుగున ఉక్కును తినేస్తుంది. ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు హానికరం. బ్లీచింగు పొడితో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

* వాడేసిన ఇంజిను ఆయిలు, కొబ్బరినూనె: తుప్పు పట్టదని పూస్తారు. బండి కదలగానే కాలి, దుమ్ము పట్టి, వదలని గోధుమ మరకలు అవుతాయి. నెలల తరబడి కదలకుండా నిలిపే బండికి పలుచగా పూసినా, తిరిగి తీసే ముందు పూర్తిగా తుడిచివేయాలి.

మూతి చెప్పే సంగతులు

శుభ్రం చేసే ముందు సైలెన్సరు మూతి లోపల వేలుతో తాకి చూడటం మంచి అలవాటు. పలుచని బూడిద లేదా గోధుమ రంగు ఉంటే ఇంజిను ఆరోగ్యంగా ఉన్నట్లు లెక్క. కాటుకలా పొడి మసి దట్టంగా అంటితే పెట్రోలు ఎక్కువగా మండుతోందని అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, చోక్ వేసి ఉన్నా ఇలా వస్తుంది. జిడ్డుగా, నూనెతో తడిసిన మసి ఉంటే ఇంజిను ఆయిలు మండుతున్నట్లు అనుమానించాలి. నీలం పొగ కూడా తోడైతే పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు చూపించుకోవాలి. ఇంజినుకు బెండు పైపు బిగించే చోట నల్లటి చార కనిపించినా, అక్కడ టప్‌టప్‌మని శబ్దం వచ్చినా గ్యాస్కెట్టు పోయిందని గుర్తించాలి. ఇలాంటి లోపాలను పైపై మెరుగు కప్పిపుచ్చలేదు.

లోపలి జోలికి వెళ్లొద్దు

పాత టూ-స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో పాటు ఆయిలు మండేది. సైలెన్సరులో బొగ్గులా మసి గట్టిపడి బండి లాగడం మానేసేది. 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లను ఇప్పటికీ ముచ్చటగా నడుపుతున్నవారు లోపలి బ్యాఫిల్ గొట్టాన్ని విప్పి, తీగల బ్రష్షుతో గీకి తిరిగి బిగిస్తారు. అంతవరకు మంచిదే. సైలెన్సరును మంటల్లో కాల్చడం, కాస్టిక్ సోడా ద్రావణం నింపడం వంటి పాత పద్ధతులు ఇంట్లో చేయదగినవి కావు. సోడా చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

ఆ అనుభవంతో కొత్త బండి సైలెన్సరులో కిరోసిన్, డీజిల్, సోడా నీరు పోస్తే నష్టం వేలల్లో ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల బండ్లలో పొగలోని విష వాయువుల తీవ్రతను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత గల తేనెపట్టు వంటి భాగమిది. ద్రవాలు, ఆయిలు తగిలితే దెబ్బతింటుంది. గొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సరు, దాని తీగపై కూడా నీటి ధార, పాలిష్ పడకుండా చూడాలి. ఫోర్-స్ట్రోక్ బండి సైలెన్సరు లోపల కడగవలసిన అవసరమే రాదు.

మోత పెంచితే జరిమానా

సైలెన్సరు విప్పినప్పుడు లోపలి బ్యాఫిల్ తీసివేయించుకుని మోత పెంచుకోవడం కొందరు యువకులకు సరదా. ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 120వ నిబంధన చెబుతోంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద, 2019 సవరణ ప్రకారం, తొలిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. 3 నెలల పాటు డ్రైవింగు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. తుప్పు తిని చిల్లు పడిన సైలెన్సరుతో తిరిగినా మోత పెరిగేది అంతే. తెలియక జరిగిందన్న మాట అక్కడ చెల్లకపోవచ్చు.

ఎప్పుడు మార్చుకోవాలి?

శుభ్రం చేశాక చెక్క ముక్కతో సైలెన్సరు పొడవునా మెల్లగా తట్టాలి. అంతటా ఒకే రకం గట్టి శబ్దం వస్తే ఫర్వాలేదు. ఒకచోట డొల్లగా, మెత్తగా పలికినా, లోపల తుప్పు రేకులు గలగలమన్నా, బొటనవేలు నొక్కుకు లోపలికి దిగినా రోజులు దగ్గర పడినట్లే. చిన్న చిల్లుకు వెల్డింగు పెట్టించవచ్చు. చుట్టూ రేకు పలుచబడి ఉంటే వెల్డింగు నిలవదు. ఫ్రేముకు బిగించే బ్రాకెట్టు దగ్గర తుప్పు ఉంటే అసలు ఉపేక్షించరాదు. అక్కడ తెగితే నడుస్తున్న బండి నుంచి సైలెన్సరు జారి రోడ్డుకు తగులుతుంది.

ఇలా చేస్తే మేలు

* బండి కడిగిన ప్రతిసారీ మూతికి కట్టిన సంచి తీసి, కనీసం 15, 20 నిమిషాలు రోడ్డుపై నడపాలి. లోపలా బయటా ఉన్న తడి ఆరిపోతుంది. ఇంటి ముందు అయిదు నిమిషాలు ఇంజిను తిప్పి ఆపితే కొత్తగా నీరు చేరుతుందే తప్ప ఆరదు.

* రోజూ దగ్గరి పనులకే బండి వాడేవారు వారానికి ఒక్కసారైనా పది, పదిహేను కిలోమీటర్లు ఏకబిగిన నడపాలి.

* వానలో తడిసిన బండిపై వెంటనే కవరు కప్పకూడదు. ఆరాక కప్పాలి. సైలెన్సరు వేడిగా ఉండగా కప్పితే కవరు అంటుకుంటుంది, నిప్పు రాజుకునే ప్రమాదమూ ఉంది.

* బురద దారిలో తిరిగి వచ్చిన రోజు, సైలెన్సరు చల్లారాక ఒక మగ్గు మంచినీరు, ఒక తుడుపు చాలు. ఎండి పెచ్చు కట్టాక గంట పని అవుతుంది.

* దీపావళికో, సంక్రాంతికో ఇంటికి సున్నం వేసే వేళ బండికీ ఒక పూట కేటాయించాలి. బోల్టులు, క్లాంపులు వదులయ్యాయేమో అప్పుడే చూసుకోవచ్చు.

క్రోమ్ పూర్తిగా పోయిన పాత బండ్లకు తిరిగి పూత వేసే దుకాణాలు పెద్ద పట్టణాల్లో ఉన్నాయి. ఆ పనిలో వాడే క్రోమియం రసాయనాలు విషపూరితం. ఇంట్లో ప్రయత్నించదగినది కాదు. అంతదాకా రాకుండా ఉండాలంటే చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి పది నిమిషాలు, ఒక పొడి గుడ్డ. సైలెన్సరు ఎంతగా మెరుస్తోందన్నది తర్వాతి మాట. ముందు అది పొడిగా ఉందో లేదో చూసుకోవాలి.